నొప్పి లేని పుండే ప్రమాదం

కాలి పుండు ముదిరాక వచ్చే చక్కెర వ్యాధిగ్రస్తులు తరచు మాతో అనే మాట: "నొప్పి లేదు కదా సిస్టరమ్మా, అందుకే రాలేదు." ఆ నొప్పి లేకపోవడమే ప్రమాదం. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోవచ్చు. రక్త ప్రసరణ తగ్గి గాయం త్వరగా మానదు. పొలంలో ముల్లు గుచ్చుకున్నా, ఎండకు రామతీర్థం కొండమెట్లు కాల్చినా తెలియదు. చివరకు వేలో, కాలో తీయవలసి రావచ్చు.

అలాంటివారు ఒట్టి కాళ్లతో నడవకూడదు. రోజూ పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాలు అద్దంలో చూసుకోవాలి.

సంఘ పెద్దలకు మా మనవి: స్పర్శ పోయినవారిని ఆరాధనకు శుభ్రమైన చెప్పులతోనే రానివ్వండి. దేవుడిచ్చిన కాలును కాపాడుకోవడం ఆయనకు అగౌరవం కాదని మా అభిప్రాయం.