అగ్గిపుల్లతో మొదలుపెడదాం: మన పిల్లలకు రోబోటిక్స్ చదువు



ఈ మధ్య బడికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. “పక్క బడిలో రోబోటిక్స్ క్లాసు పెట్టారంట. మన పిల్లకాయలకు ఎప్పుడు?” ప్రశ్న సరైనదే, కానీ ఒక్క మాటలో జవాబు చెప్పేది కాదు. రంగుల పెట్టెలో వచ్చే కిట్టు కొనేస్తే చాలునా? దాంతో పిల్లకు నిజంగా ఏం వస్తుంది? ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కిట్టు పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న మన పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుంది? ఈ మూడూ కలిపి చూడాలి. కాస్త ఓపిగ్గా చదవండి.

దేశంలో ఏం జరుగుతోంది

కేంద్ర ప్రభుత్వం నీతి ఆయోగ్ కింద 2016లో అటల్ ఇన్నొవేషన్ మిషన్ మొదలుపెట్టింది. అందులో భాగంగా 6 నుంచి 12వ తరగతి దాకా చదివే పిల్లల కోసం బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. త్రీడీ ప్రింటరు, సెన్సార్లు, మోటార్లు, రోబోటిక్స్ కిట్లు ఉండే గది అది. ఏర్పాటుకూ, అయిదేళ్ళ దాకా నడపడానికీ కలిపి బడికి గరిష్ఠంగా 20 లక్షల రూపాయలు ఇచ్చేలా పథకం వేశారు. ఇలాంటివి దేశంలో 10,000 ఏర్పడ్డాయి. వచ్చే అయిదేళ్ళలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 పెడతామని 2025-26 బడ్జెట్‌లో ప్రకటించారు. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025లో టీఎన్-స్పార్క్ పేరుతో ప్రభుత్వ పాఠశాలల్లో కృత్రిమ మేధ, రోబోటిక్స్ చదువు తెచ్చింది.

మన ఊళ్ళో పడమర దిక్కు చూస్తే కనపడే కొండల అవతల, కేరళలో, ఈ పని ఇంకా ముందుకు పోయింది. అక్కడ 2022 డిసెంబరులో 9,000 రోబోటిక్ కిట్లు బడులకు ఇచ్చారు. 2025-26 నుంచి పదో తరగతి చదివే పిల్లలందరికీ, అంటే సుమారు 4.3 లక్షల మందికి, రోబోటిక్స్ తప్పనిసరి పాఠం అయింది. ఇందుకోసం పంచిన కిట్లు 29,000. భాగించి చూడండి, ఒక్కో కిట్టుకు 15 మంది దాకా వస్తారు. అంత పట్టుదలగా చేసిన రాష్ట్రంలోనే వంతులు వేసుకోవాల్సిన పరిస్థితి. వంతు సరిగ్గా లేకపోతే ఇద్దరు బిగిస్తారు, మిగతావాళ్ళు చూస్తారు.

ఇక మన చుట్టుపక్కల సంగతి. విరుదునగర్ జిల్లాకు పీఎం మిత్ర జౌళి పార్కు వచ్చింది. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లాలో 2025 ఆగస్టులో విన్‌ఫాస్ట్ కార్ల కర్మాగారం తెరిచారు. రేపటి పనులు మన గడప దగ్గరికే వస్తున్నాయి. వాటిలో మన పిల్లలు సరుకు మోసే చోట ఉంటారా, మర ఆగిపోతే ఎందుకు ఆగిందో కనిపెట్టే చోట ఉంటారా? అసలు ప్రశ్న ఇది. తల్లిదండ్రుల ఆత్రానికి కారణం కూడా ఇదే.

రోబో అంటే బొమ్మ మనిషి కాదు

సినిమాల వల్ల రోబో అనగానే నడిచే ఇనుప మనిషి గుర్తొస్తాడు. నిజానికి మూడు పనులు కలిస్తే రోబో. ఒకటి, బయట ఏం జరుగుతోందో పసిగట్టడం. రెండు, దాన్నిబట్టి ఏం చెయ్యాలో తేల్చడం. మూడు, కదిలి ఆ పని చెయ్యడం.

ఇది మనకు తెలియని విద్య కాదు. రాజపాళయం, సత్రపట్టి వైపు మరమగ్గం నడిపే వాళ్ళను అడగండి. పేక పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగే ఏర్పాటు ఉంటుంది. చిన్న ఫోర్కు లాంటి ఇనుప ముక్కకు పోగు తగలకపోతే మీట పడుతుంది, మగ్గం నిలిచిపోతుంది. కంప్యూటరు లేదు, కరెంటు సెన్సారు లేదు. అయినా పసిగట్టడం, తేల్చడం, చెయ్యడం మూడూ జరిగాయి.

ఆడిపూరానికి మన ఆండాళ్ తేరు లాగుతారు కదా. అంత బరువైన తేరును మలుపు తిప్పేది చక్రం కింద సరైన కోణంలో పెట్టే కట్టె దిమ్మ. ఆ దిమ్మ ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్ళు ఇంజనీర్లే. పిల్లలు ఏటా తేరు చూస్తారు. “దిమ్మ ఎందుకు పెడుతున్నారు?” అని మనం ఎన్నిసార్లు అడిగించాం?

కిట్టుతో చదువు అనే ఆలోచనకు పునాది వేసినవాళ్ళలో అమెరికాలోని ఎంఐటీలో పనిచేసిన సైమర్ పేపర్ట్ ముఖ్యుడు. పిల్లల కోసం 1967లో లోగో అనే కంప్యూటరు భాషను తయారుచేసినవాళ్ళలో ఆయన ఒకరు. చిన్నతనంలో పళ్ళ చక్రాలతో ఆడుకోవడం వల్లే తనకు లెక్కలు అర్థమయ్యాయని 1980లో వచ్చిన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకంలో రాశాడు. చేత్తో కట్టేటప్పుడు పిల్ల బుర్రలో కూడా ఏదో కడుతుంది అన్నది ఆయన మాటల సారం. ఆ పుస్తకం పేరే పెట్టుకుని లెగో సంస్థ 1998లో రోబో కిట్లు తెచ్చింది. ప్రపంచమంతా వాడింది. 2022 చివరికి ఆ సరుకు ఆపేసింది. లక్షలు పోసి కొన్న బడులకు ఇక కొత్త విడిభాగాల కోసం వెతుకులాటే. ఇటలీలో 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డు సంగతి వేరు. దాని నమూనా ఎవరైనా వాడుకునేలా బయట పెట్టారు. అందుకే దానిలాంటి బోర్డులు ఈరోజు కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. కేరళ కిట్టులో ఉన్నది కూడా ఆర్డుయినోనే, దాంతో పాటు ఎల్‌ఈడీలు, చిన్న సర్వో మోటారు, వెలుతురు సెన్సారు, బజరు, వైర్లు. ఒక్క సంస్థ పెట్టెకు కట్టుబడితే ఏమవుతుందో, అంగట్లో దొరికే భాగాలతో పోతే ఏమవుతుందో ఈ రెండు ఉదాహరణలు చెబుతాయి.

అవే వేళ్ళు, అవే పుల్లలు

మన ప్రాంతంలో ఈ చర్చకు ఇంకో లోతు ఉంది. 1922లో శివకాశి నుంచి పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళారు. అగ్గిపెట్టెల తయారీని చేత్తో చేసి నేర్చుకుని మరుసటి ఏడు తిరిగొచ్చారు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి పరిశ్రమ అలా లేచింది. నేర్చుకున్న చేతులు ఒక ప్రాంతానికే అన్నం పెట్టాయి.

కానీ అదే పరిశ్రమలో ఏళ్ళ తరబడి పసిపిల్లల వేళ్ళు ఫ్రేముల్లో పుల్లలు పేర్చాయి, పెట్టెలు మడిచాయి, లేబుళ్ళు అంటించాయి. శివకాశి పిల్లల మీద ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పు ఇచ్చింది. చట్టం మీరి ప్రమాదకరమైన పనిలో పెట్టుకున్న ప్రతి పిల్లకూ యజమాని 20,000 రూపాయలు కట్టాలనీ, ఆ పిల్లను చదివించాలనీ చెప్పింది. మన ఇళ్ళలో అవ్వలను, అత్తలను అడిగితే ఆ రోజులు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు.

దీన్ని ఇక్కడ ఎందుకు గుర్తుచేస్తున్నామంటే, ఆ పిల్లల చేతులకు పని ఉంది, కానీ “ఎందుకు?” అని అడిగే హక్కు లేదు. ఈనాడు ఖరీదైన కిట్టు ముందు కూర్చోబెట్టి, “ఒకటో బొమ్మలో ఉన్నట్టు బిగించు, రెండో బొమ్మలో ఉన్నట్టు తగిలించు, అయిపోయిందా, విప్పేసి పెట్టెలో పెట్టు” అంటే పిల్లకు దక్కేది కూడా అంతే. పెట్టె రంగు మారింది, గదిలో ఫ్యాను వచ్చింది. ఆలోచన మాత్రం ఇంకొకడిదే. చేతిపనిని చదువుగా మార్చేది కిట్టు కాదు, “ఎందుకు” అనే మాట.

ఇందుకు మంచి దారి చూపించినవాడు అరవింద్ గుప్తా. కాన్పూరు ఐఐటీలో చదివి, ఇంజనీరుగా పనిచేస్తూ, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు కార్యక్రమానికి వెళ్ళాడు. పల్లెల్లో దొరికే అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కట్టే పద్ధతి తయారుచేశాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వాడిన సరుకు మన ఊళ్ళో దొరకని ఇల్లు లేదు!

ఈ రాత్రి ఇంట్లోనే చేసి చూడండి. పుల్లల తల మీది మందును పెద్దవాళ్ళు గీకేసి ఇవ్వాలి. వాల్వు ట్యూబును వేలి గోరంత ముక్కలు చెయ్యండి. ముక్కకు రెండు వైపులా రెండు పుల్లలు దూర్చితే కీలు. మూడు పుల్లలతో త్రికోణం కట్టండి, నాలుగుతో చతురస్రం కట్టండి. రెండింటినీ మెల్లగా నొక్కండి. చతురస్రం ఒరిగిపోతుంది, త్రికోణం కదలదు. ట్యూబు ముక్కను సీమ తుమ్మ ముల్లుతో పొడిచి మూడో పుల్ల దూర్చితే పిరమిడ్ లాంటి ఆకారమూ కట్టొచ్చు. తర్వాత పిల్లను అడగండి, “కరెంటు టవరులో అన్నీ త్రికోణాలే ఎందుకున్నాయి?” అని. జవాబు పిల్ల నోటి నుంచే వస్తుంది. ఖర్చు పది రూపాయలు దాటదు.

ఏ భాషలో?

ఇప్పుడు మన బడికి ప్రత్యేకమైన ప్రశ్న. 1968 నుంచి మన రాష్ట్రంలో నడిచేది రెండు భాషల విధానం, తమిళం, ఇంగ్లీషు. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లలు ఒకటో తరగతి నుంచే తమిళం చదువుతున్నారు. అది వాళ్ళకు అవసరం కూడా. ఇక్కడ ఎవరితోనూ పోట్లాట లేదు.

అయినా ఒక సంగతి గమనించండి. కేరళలో ఐసీటీ పాఠ్యపుస్తకాలు మలయాళం, ఇంగ్లీషులతో పాటు తమిళం, కన్నడాల్లో కూడా వస్తాయి. అంటే ఇడుక్కిలో తమిళం మాట్లాడే పిల్ల, కాసరగోడులో కన్నడం మాట్లాడే పిల్ల తమ భాషలోనే ఈ చదువు చదవొచ్చు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతుంది. కొండకు అవతల తమిళ పిల్లకు దొరికేది ఇవతల తెలుగు పిల్లకు కూడా దొరకాలని మర్యాదగా, రాతపూర్వకంగా అడగడంలో తప్పేమీ లేదు.

అడుగుతూనే మన పని మనం చెయ్యాలి. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద కథకు చోటు చేసుకున్నది మన శ్రీవిల్లిపుత్తూరునే. ఈ ఊరికి తెలుగు కొత్త కాదు, మరలకూ తెలుగు కొత్త కాదు. ఇరుసు, కప్పీ, మీట, పళ్ళ చక్రం, కీలు, శీల, పడుగు, పేక అన్నీ మన మాటలే. మోటారు, సెన్సారు, బ్యాటరీ అలాగే ఉండనీ, వాటికి కొత్త పేర్లు కల్పించే పని లేదు. పేరు ఏ భాషదైనా పర్వాలేదు. “ఇది ఎందుకు తిరగలేదంటే...” అనే వాక్యం మాత్రం పిల్ల తడబడకుండా చెప్పగలగాలి. తడబడకుండా వచ్చేది ఇంటి భాషలోనే. మొదట తెలుగులో చెప్పి, తర్వాత తమిళంలో చెప్పి, చివరికి ఇంగ్లీషులో రాస్తే విషయం మూడుసార్లు అర్థమవుతుంది. మూడు భాషలు మన పిల్లకు బరువని అనుకుంటాం. ఇలా వాడుకుంటే అదే బలం.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

ఏ బడిలోనైనా, మన బడిలోనైనా సరే, రోబోటిక్స్ ఫీజు అడిగితే ఈ అయిదు ప్రశ్నలు వెయ్యండి.

1. ఒక్కో కిట్టుకు ఎంతమంది పిల్లలు? ముగ్గురు నలుగురు దాటితే వంతుల పట్టిక ఉందా?
2. ఒక భాగం చెడిపోతే మధురైలోనో శివకాశిలోనో విడిగా దొరుకుతుందా, సంస్థ దగ్గరే కొనాలా?
3. నేర్పేది మన టీచరా, వారానికోసారి వచ్చిపోయే బయటి మనిషా? మన టీచరుకు శిక్షణ ఉందా?
4. పుస్తకంలో లేనిది పిల్ల సొంతంగా కట్టడానికి గంట వదులుతారా?
5. ఆడపిల్లలు బిగించే చోట ఉన్నారా, రిపోర్టు రాసే చోటే ఉన్నారా?

ఈ అయిదింటికీ తిన్నగా జవాబు రాకపోతే ఫీజు కట్టేముందు మళ్ళీ ఆలోచించండి.

మనం చెయ్యగలిగింది

మా ఆలోచన ఇది. 3 నుంచి 5వ తరగతి దాకా అగ్గిపుల్లలు, అట్ట, దారం. 6 నుంచి 8 దాకా బ్యాటరీ, బల్బు, చిన్న మోటారు, స్విచ్చు. 9వ తరగతికి వచ్చాక ఆర్డుయినో. ముందు రెండు మెట్లూ ఎక్కిన పిల్లకు మూడో మెట్టు దగ్గర కిట్టు భయం ఉండదు. ల్యాబు గ్రాంటు వస్తే సంతోషం, రాకపోయినా మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు.

ఇందుకు మీ సాయం కావాలి. పాత సైకిల్ ట్యూబులు, పాల్కోవా అట్టపెట్టెలు, చెడిపోయిన బొమ్మ కార్లలోని మోటార్లు ఉంటే పంపండి. సెల్‌ఫోను బ్యాటరీలు, ఇంటి కరెంటుకు తగిలించే సామాను మాత్రం పంపవద్దు, అవి ప్రమాదం. మగ్గం ఫిట్టరు, సైకిల్ షాపు మామ, ప్రెస్సులో మిషను నడిపే అన్న, మోటారు పంపు చుట్టే చిన్నాయన, ఎవరైనా సరే, ఒక గంట బడికి వచ్చి మీ పని పిల్లలకు చూపించండి. తెలుగులోనే చెప్పండి, చాలు.

ఇంకొక్క మాట. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే “ఇవాళ ఏం నేర్చుకున్నావు?” అని అడుగుతాం కదా. ఇకమీదట “ఇవాళ ఏది పనిచెయ్యలేదు? ఎందుకు పనిచెయ్యలేదు?” అని అడిగి చూడండి. జవాబు చెప్పేదాకా ఆగండి, మధ్యలో అందించవద్దు.