ధ్రువపత్రం చెప్పని నష్టం

రోడ్డు ప్రమాదంలో గాయపడిన వ్యక్తి పరిహారం కోరితే, అతనికి ఎంత చెల్లించాలో మొదట లెక్కగట్టేది బీమా కంపెనీ లీగల్ విభాగంలోని క్లెయిముల అధికారి. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) రిపోర్టు, గాయాల వివరాలు చెప్పే వూండ్ సర్టిఫికెట్, ఆస్పత్రి బిల్లులు ఆయన బల్ల మీదికి వస్తాయి. ప్రమాదం నాటికి పాలసీ అమల్లో ఉందా, డ్రైవరుకు తగిన లైసెన్సు ఉందా అన్నవి కాగితాలు చూస్తే తేలిపోతాయి. కష్టమంతా వైకల్యం లెక్క దగ్గరే.

డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం శరీరానికి జరిగిన నష్టాన్ని శాతాల్లో చెబుతుంది. సంపాదనకు జరిగిన నష్టం వేరు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరిచి చెప్పింది. ఎడమచెయ్యి పోయిన గుమస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు. అదే గాయం తగిలిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోతుంది.

నెలకు 15,000 రూపాయలు తెచ్చుకునే 34 ఏళ్ల తాపీమేస్త్రికి కుడి మోకాలు వంగడం లేదనుకుందాం. ధ్రువపత్రంలో శరీరం మొత్తానికి 40 శాతం వైకల్యమని ఉంది. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం భవిష్యత్తు పెరుగుదల కింద ఆదాయానికి 40 శాతం కలిపితే నెలకు 21,000 అవుతుంది. ఏడాదికి 2,52,000. ఈ ఏడాది ఆదాయాన్ని హెచ్చవేయడానికి ఆ వయసుకు సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు నిర్ణయించిన గుణకం 16. ధ్రువపత్రంలోని శాతాన్నే పట్టుకుంటే సంపాదన నష్టం 16,12,800 రూపాయలు. కానీ అతను పరంజా ఎక్కలేడు, గొంతుక్కూర్చుని గచ్చు చేయలేడు. సంపాదనలో 70 శాతం పోయిందని అంగీకరిస్తే అదే లెక్క 28,22,400 అవుతుంది. పన్నెండు లక్షలకు పైబడిన ఈ తేడా ఏ బిల్లులోనూ కనపడదు. అతని పని గురించి అడిగి తెలుసుకున్న అధికారికే అది తెలుస్తుంది. ఫైలు మూసే వేగాన్ని బట్టి, మిగిల్చిన సొమ్మును బట్టి అధికారి పనితనాన్ని కొలిచే కంపెనీలో ఆ ప్రశ్న అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం క్లెయిముల అధికారికి పెద్ద బాధ్యతే అప్పగించింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి ప్రమాద నివేదిక పంపాలి. 149వ సెక్షన్ కింద కంపెనీ ఒక అధికారిని నియమించాలి. ఆయన వివరాలతో సహా 30 రోజుల్లో మోటారు ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్ ముందు రాజీ ప్రతిపాదన పెట్టవచ్చు. దాన్ని బేరానికి తొలి మాటగా వాడితే ఈ సెక్షన్ ఉద్దేశమే దెబ్బతింటుంది. నెలల తరబడి కూలి లేక అప్పుల్లో పడిన మనిషి తక్కువకైనా సంతకం పెట్టేస్తాడు. అందుకే ప్రతిపాదనలో ఆదాయం, గుణకం, వైకల్య శాతం, ఆ శాతానికి కారణం విడివిడిగా, బాధితుడికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి.

బాధితుడు ఒప్పుకుంటే ట్రిబ్యునల్ రాజీని నమోదు చేస్తుంది, 30 రోజుల్లో కంపెనీ సొమ్ము చెల్లించాలి. ఒప్పుకోకపోతే విచారణ జరుగుతుంది; వైకల్యం ఎంతో చెప్పడానికి డాక్టరు సాక్ష్యం కావాలి, దానివల్ల సంపాదన ఎంత పోయిందో ట్రిబ్యునలే నిర్ణయిస్తుంది.