గ్రాఫు బాగుంది, గొంతే తెగింది

"వాయిస్ సర్వర్లని వర్చువల్ మెషీన్ల మీద పెడితే అంతే మరి" అనేది ఒక వర్గం. "మా వీఎంలన్నీ పచ్చగానే ఉన్నాయి, మీ సాఫ్ట్‌వేరే చెత్త" అనేది ఇంకో వర్గం. ఈ ఇద్దరి మధ్యా నలుగుతూ నాలుగేళ్ళుగా ఇంటర్నెట్ టెలిఫోనీ సర్వర్లతో కాపురం చేస్తున్నవాణ్ణి నేను. కడుపులో ఉన్నది ఇవాళ కక్కేస్తాను. ముందే చెప్తున్నా, నా కోపం ఎక్కువగా రెండో వర్గం మీదే.

ఎందుకో తెలియాలంటే ఓ కాల్ సెంటర్ సంగతి చెప్పాలి. హైదరాబాదులోనే. పేరెందుకులెండి. అక్కడ మా ఆస్టరిస్క్ సర్వర్లు నడుస్తున్నాయి, 120 మంది కూర్చుని కాల్స్ తీసుకుంటారు. పెట్టిన మూణ్ణెల్లకి "మాట తెగుతోంది" అని గొడవ మొదలైతే నన్ను తోలారు. వెళ్ళిన రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో ఒకమ్మాయి, కరీంనగర్ వైపు అమ్మాయి, నేను సర్వర్ మనిషినని తెలిసి దగ్గరికొచ్చింది. "అన్నా, అవతలోళ్ళు మాట్లాడేది నాకు సగమే ఇనవడ్తది. మల్ల చెప్పుమంటే తిడ్తున్నరు. గదేమో నాకు ఇనే ఓపిక లేదని రాసి రెండు నెలల సంది ఇన్సెంటివ్ కోస్తున్నరు" అంది.

కోసేది ఎవరయ్యా అంటే క్వాలిటీ వాళ్ళు. ఏం చూసి కోస్తారు? రికార్డింగ్ విని. రికార్డింగ్‌లో కస్టమర్ గొంతు అద్దంలా ఉంది. అంత స్పష్టంగా చెప్తుంటే ఈ పిల్ల "మళ్ళీ చెప్పండి సార్" అని నాలుగుసార్లు అడుగుతోంది. నేనే ఆ కుర్చీలో ఉంటే నేనూ మార్కులు కోసేవాణ్ణి.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కాస్త ఓపిగ్గా వినండి.

ఫోన్లో మాట జీ.711లో వెళ్తుంటే 20 మిల్లీసెకన్లకొక ముక్క చొప్పున తరిగి పంపుతారు. ఒక్కో ముక్కలో 160 బైట్ల గొంతు, సెకనుకి 50 ముక్కలు. రెండు వైపుల మాటా సర్వర్ గుండానే పోతుంది కాబట్టి 120 కాల్స్ ఒకేసారి నడిస్తే సెకనుకి 12,000 ప్యాకెట్లు లోపలికి, 12,000 బయటికి. బ్యాండ్‌విడ్త్ చూస్తే ఐపీ హెడర్లతో కలిపినా ఒక్కో దిశలో 20 మెగాబిట్ల లోపే. ఈ రోజుల్లో అదో లెక్కా? లెక్క కాదు. లెక్కల్లా వేళకి రావడం. 20 మిల్లీసెకన్ల ముక్క 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే రానట్టే. అవతలి ఫోన్లో ఉండే జిట్టర్ బఫర్ కొంతసేపు ఎదురుచూసి, మాటని ముందుకి నడిపించేసి, తీరిగ్గా వచ్చినవాటిని అవతల పారేస్తుంది.

ఇప్పుడు వీఎం సంగతి. ఒక సర్వర్లో 32 కోర్లుంటే వాటిమీద 190 వీసీపీయూలు అమర్చారు మహానుభావులు. షేర్ ఆటోలో ముగ్గురి సీట్లో తొమ్మిదిమంది అన్నమాట. మన వీఎం వంతు వచ్చేదాకా అది ఆగి ఉంటుంది. ఆగానని దానికే తెలీదు, మత్తు మందిచ్చిన పేషెంటుకి ఆపరేషన్ టైం తెలీనట్టు. ఆగిన ఆ 200 మిల్లీసెకన్లలో వచ్చిన ప్యాకెట్లన్నీ బయట క్యూలో నిలబడతాయి. వంతు రాగానే ఆస్టరిస్క్ పదింటినీ గబగబా తీసుకుని, పదింటినీ రికార్డింగ్‌లో వరసగా రాసుకుని, పదింటినీ ఒకేసారి అవతలికి తోసేస్తుంది. రికార్డింగ్‌లో పదీ ఉన్నాయి. ఫోన్ పారేసింది మాత్రం చాలావాటిని. అంటే తప్పు చేసిన సర్వరే, తను తప్పు చెయ్యలేదని సాక్ష్యం కూడా తయారు చేసి పెడుతోంది! ఆ సాక్ష్యంతో ఆ పిల్లకి శిక్ష.

దీన్ని పట్టుకుని మీటింగ్‌కి వెళ్తే అక్కడి ఇన్‌ఫ్రా పెద్దమనిషి పెద్ద తెర మీద గ్రాఫు వేశాడు. ఐదు నిమిషాల సగటు, సీపీయూ 12 శాతం. "చూశారుగా, 88 శాతం ఖాళీ. పాకెట్ లాస్ సున్నా. ఇంక మమ్మల్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

సగటట! రోజూ పొద్దున్నే అర లీటరు పొయ్యాల్సిన పాలవాడు పది రోజులు ఎగ్గొట్టి, పదకొండో రోజు ఐదున్నర లీటర్లు ఒకేసారి తెచ్చి గుమ్మంలో పెట్టి "సగటున అర లీటరే కదమ్మా, ఒక్క చుక్క కూడా తగ్గలేదు" అంటే మీ ఇంట్లో ఆవిడ ఏమంటుంది? పది సెకన్లకోసారి 200 మిల్లీసెకన్లు ఆగితే అది 2 శాతం. ఐదు నిమిషాల సగటులో ఆ 2 శాతం ఏ మూలకి? చెవికి మాత్రం పది సెకన్లకోసారి మాట తెగుతుంది. ఐటీయూ వాళ్ళ జీ.114 ప్రకారం ఒక వైపు ఆలస్యం మొత్తం కలిపి 150 మిల్లీసెకన్లు దాటకపోవడం మంచిది. ఇక్కడ ఒక్క ఆగుడే దాన్ని మింగేసింది.

ఇంతకీ సదరు పెద్దమనిషి తెర మీదే అసలు అంకె కూడా ఉంది, ఆయన దాని వంక చూడలేదంతే. వీఎంవేర్‌లో సీపీయూ రెడీ అని ఒకటుంటుంది, వీఎం పనికి సిద్ధంగా ఉండి కూడా కోరు దొరక్క ఎంతసేపు నిలబడిందో చెప్పేది. రియల్‌టైమ్ చార్టులో అది 20 సెకన్లకొకసారి మిల్లీసెకన్లలో వస్తుంది. మా వీఎంలో ఒక్కో వీసీపీయూకి 1600 చూపించింది. 20,000లో 1600, అంటే 8 శాతం. "ఓ అదా, అది మిల్లీసెకన్లే కదా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. (కేవీఎం, జెన్‌లైతే వీఎం లోపలే టాప్ కమాండ్‌లో 'ఎస్‌టీ' అని కనిపిస్తుంది. స్టీల్. దొంగతనం అని పేరులోనే చెప్పినా పట్టించుకునేవాడుండడు.)

సరే, సమస్య ఉందని ఒప్పుకున్నాక ఏం చేశారు? 8 వీసీపీయూలని 16 చేశారు. కిక్కిరిసిన ఆటోలో ఇంకో ఎనిమిది సీట్లు కావాలని అడిగినట్టు, పరిస్థితి ఇంకా దిగజారింది. నేను 4కి తగ్గించమంటే పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. తగ్గించి, ఆ నాలుగింటికీ సీపీయూ, మెమరీ పూర్తిగా రిజర్వ్ చేసి, లేటెన్సీ సెన్సిటివిటీని హైకి పెట్టాక తెగడం ఆగింది. కొత్త మెషీన్ కొనలేదు, ఒక్క లైను కోడు మార్చలేదు.

మొదటి వర్గం వాళ్ళది పూర్తిగా తప్పని నేననను. 1999లో మార్క్ స్పెన్సర్ ఆస్టరిస్క్ రాసిన తర్వాత చాలాకాలం దాని కాన్ఫరెన్సులకి టైమింగ్ జాప్టెల్ నుంచే రావాలి (2008లో దాని పేరు డాడీగా మారింది, ఆ పేరు పెట్టినవాడికి తెలుగు రాదు పాపం). కార్డు లేకపోతే కెర్నెల్ టైమరే దిక్కు, ఆ రోజుల్లో వీఎంలో గడియారం కుంటేది, కాన్ఫరెన్సు తడిసిన క్యాసెట్‌లా మోగేది. అప్పుడు చేతులు కాల్చుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆకులు పట్టుకునే తిరుగుతున్నారు. కానీ టైమర్‌ఎఫ్‌డీ వచ్చింది, కేవీఎం-క్లాక్ వచ్చింది, కాన్ఫ్‌బ్రిడ్జ్ వచ్చాక కాన్ఫరెన్సుకి డాడీ అక్కర్లేదు. 2012లో పెద్ద పెద్ద టెలికాం కంపెనీలే కలిసి ఎన్‌ఎఫ్‌వీ అని పత్రం రాసుకుని తమ నెట్‌వర్కు పరికరాలని మామూలు సర్వర్ల మీదికి తెచ్చే పని మొదలెట్టాయి. వాళ్ళకి లేని పట్టింపు మనకెందుకు? ఆడలేక మద్దెల ఓడు అనడం కాకపోతే.

క్లౌడ్‌లో అయితే ఇదే జబ్బుకి వేషం వేరు. చవగ్గా వస్తుందని ఏడబ్ల్యూఎస్‌లో టీ3 తీసుకుని, బిల్లు పెరుగుతుందని అన్‌లిమిటెడ్ మోడ్ ఆపేసి, క్రెడిట్లు అయిపోయాక మధ్యాహ్నం పూట కాల్స్ ముక్కలవుతున్నాయని ఏడ్చేవాళ్ళని చూశాను. బ్యాండ్‌విడ్త్ ఉంది కదా అని ప్యాకెట్ల సంఖ్యకి కూడా ఒక పరిమితి ఉంటుందని మర్చిపోతారు. ఈఎన్‌ఏ డ్రైవర్‌లో పీపీఎస్ అలవెన్స్ ఎక్సీడెడ్ అని ఆ లెక్క ఉంటుంది, ఎత్‌టూల్‌తో చూడొచ్చు. చూసేవాడేడీ?

ఇంకో ముచ్చట చెప్పి వదిలేస్తా. ఒకటి పడిపోతే ఇంకోటి అందుకోవాలని రెండు సర్వర్లు పెట్టించుకున్నాం కదా, ఆ రెండూ ఒకే భౌతిక మెషీన్ మీద కూర్చుని ఉన్నాయి! రెండింటినీ కలిపి ఉంచొద్దని ఒక రూల్ రాస్తే చాలు, అదీ రాయలేదు. పైగా పనివేళల్లో బ్యాకప్ స్నాప్‌షాట్లు. అది తీసిన ప్రతిసారీ వీఎం కాసేపు కొయ్యబారిపోతుంది. రాత్రి కాల్స్ లేనప్పుడు తీసుకోమని చెప్పడానికి నాకు మూడు మెయిళ్ళు పట్టాయి.

ఇప్పుడు మా కాంట్రాక్టులో సీపీయూ వాడకం గురించి ఒక్క ముక్క ఉండదు. రెడీ టైం ఎంత దాటకూడదో, అవతలి గేట్‌వే పంపే ఆర్టీసీపీ రిపోర్టులో జిట్టర్ ఎంత దాటకూడదో ఉంటుంది. ఏజెంటు మీద ఫిర్యాదు వస్తే రికార్డింగ్‌తో పాటు ఆ కాల్ జిట్టర్ అంకె కూడా పక్కన పెట్టాలని కూడా రాయించాను. దీనికి సంతకం పెట్టడానికి చాలామంది మూతి ముడుస్తారు. ముడవనీండి.

ఆ కరీంనగర్ అమ్మాయికి మూడో నెల నుంచి ఇన్సెంటివ్ పూర్తిగా వచ్చింది. ముందు కోసిన రెండు నెలలదీ తిరిగివ్వమని మా రిపోర్టు జతచేసి నేనే మెయిల్ పెట్టాను. రికార్డింగులు మళ్ళీ విన్నామనీ, అన్నీ క్లియర్‌గానే ఉన్నాయనీ జవాబొచ్చింది.