మోరిలో పోసే నీళ్లు పాదులో పొయ్యండి!

పాలమూరు అక్కలారా, అన్నలారా! అద్దె ఇంట్లో ఉన్నాం, మనకెందుకని చెట్టు పెట్టుకోని తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

శివరాత్రితో చలి పోయింది. ఉగాది ఇంకా ముందుంది. ఈ నడుమ ఉన్న రోజులే మనకు అదను. ఇప్పుడు గింజ పెడితే ఎండలు ముదిరేలోపు తీగ పందిరెక్కుతుంది, ఆకు నేలను కప్పుతుంది. ఏప్రిల్ సగం దాటినాక పెడితే మొలక నేలలోనే మాడిపోతుంది. అందుకే ఈ కాగితం ఇవాళే మీ చేతికిస్తున్నాం.

"తాగనీకి నీళ్లు లేకుంటే తోటలు యాడికెల్లి పెట్టాలె బిడ్డా?" అని మా గల్లీలో ఒక పెద్దమ్మ అడిగింది. కోపంతో కాదు, నిజంగానే అడిగింది. మా వాడలో నల్లా రోజూ రాదు. బోరు ఎండాకాలం సగానికే గాలి పోస్తుంది. ఆమె అడిగినదానికి మాటతో జవాబు చెప్పలేక, ఒకరోజు కొలిచి చూశాం. నలుగురున్న ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగినవి, తోమిన బోళ్లను చివరిసారి తొలిచిన నీళ్లు, అన్నీ ఒకచోట పోశాం. పొద్దుమూకేసరికి రెండు బొక్కెనలు నిండి మూడోది సగానికి వచ్చింది. ఆ నీళ్లన్నీ నిన్నటిదాకా మోరిలోకి పోయినవే. మంచమంత జాగలో పెట్టిన ఆకుకూరకు, రెండు తీగలకు ఆ నీళ్లు చాలు.

సబ్బు పౌడరు నీళ్లు మాత్రం ఆకుకూర మీద పొయ్యకండి. మేం పోసి చెడగొట్టుకున్నాం. వారం తిరగకముందే తోటకూర అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. బట్టలు ఉతికిన నీళ్లను అరటికో మునగకో, అదీ మొదలుకు దూరంగా పొయ్యాలి. ఫిల్టరు మిషన్ వదిలేసే నీళ్లలో ఉప్పులు ఎక్కువ, వాటిని రోజూ పోస్తే మట్టి చౌడవుతుంది. మంచి నీళ్లైనా, కడుగు నీళ్లైనా మొదట్లోనే పొయ్యాలి, ఆకుల మీద చల్లకూడదు. పట్టిన నీళ్లు నిలవ ఉంచొద్దు, దోమలు గుడ్లు పెడతాయి.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్ట ఎక్కడ కట్టినా, కాలువ ఎక్కడ తవ్వినా మట్టి మోసింది మనవాళ్లు. పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఎవరి పొలాలకో నీళ్లు పారించారు. ఆ చేతులకు తవ్వడం ఒకరు నేర్పాలా? మన వాకిట్లో నాలుగడుగుల నేల మాత్రం గట్టిపడి, బండిని నిలబెట్టే జాగ అయిపోయింది. ఇది మాకు బాధగా ఉంది, మీకూ బాధ కావాలనే చెబుతున్నాం.

ఇంట్లో ఆకుకూర ఎందుకంటారా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క చూడండి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ. అయిదేళ్లలోపు పసిపిల్లల్లో నూటికి 70 మందికి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దమనిషి రోజుకు ఆకుకూరలు, కూరగాయలు కలిపి 400 గ్రాములు తినాలి. మన ఇళ్లల్లో ఎంత తింటున్నామో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకుందాం. పొద్దున పచ్చిపులుసు, రాత్రికి పప్పుచారు. పెరట్లో 400 గ్రాములూ పండుతాయని మేం చెప్పం, అది అబద్ధం. కానీ పుంటికూర, తోటకూర, బచ్చలి, గంగవాయిలి, ఈ నాలుగు ఉంటే ఆ ఇంట్లో ఆకు లేని రోజుండదు.

ఇక మట్టి సంగతి. మనది ఎక్కువగా చెల్క నేల. నీళ్లు పోస్తే ఇట్టే ఇంకిపోతాయి, ఎండితే పైన పెచ్చు కడుతుంది. సత్తువ తక్కువ. కొత్త ప్లాట్లలో అయితే మొరం, సిమెంటు పెళ్లలే ఉంటాయి. అక్కడ అడుగు లోతు తవ్వి తీసెయ్యాలి. మన తాతలు చెల్కకు చెరువు మట్టి తోలేవాళ్లు, ఎండాకాలం వచ్చిందంటే బండ్లు కట్టేవాళ్లు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టిని పొలాలకు తోలించింది కూడా ఈ తెలివితోనే. ఇప్పుడు కుంటలు ఎండుతున్న వేళ. ఊరికి పోయివచ్చేటప్పుడు బండి మీద రెండు సంచులు తెచ్చుకోండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చెరువు మట్టి, ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. పచ్చి పేడ వెయ్యకండి, దాని వేడికి వేరు మాడుతుంది, చెదలు పడతాయి.

జాగ లేనివాళ్లు బియ్యం సంచి అంచు మడిచి, అడుగున నాలుగు బొక్కలు పొడిచి వాడుకోండి. పెయింటు డబ్బాలైనా పనికొస్తాయి. డాబా మీద పెడితే బరువు గోడల వెంబడే ఉండాలి, నడుమ కాదు. కింద ఇటుకలు పెట్టి ఎత్తండి, స్లాబు చెమ్మ పట్టదు. మన దగ్గర మొక్కను చంపేది మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ. ఆ పక్కన పాత నూలు చీర ఒకటి దడిలాగా కట్టండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఏం పెట్టాలో చెబుతాం, ఏం పెట్టకూడదో ముందు చెబుతాం. టమాట ఇప్పుడు వద్దు. 2023 జూలైలో కిలో వంద దాటిన రోజులు యాదికొచ్చి అందరూ ముందు టమాటే పెడతారు. మన ఎండకు దాని పూత రాలిపోతుంది. ఎండాకాలం మన మార్కెట్లో దిగే టమాట చాలావరకు మదనపల్లె వైపు నుంచి వస్తుంది. టమాట నారును తొలకరికి పోసుకోండి. క్యాబేజీ, క్యారెట్ చలికాలానివి, వాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు పెట్టాల్సింది బెండ, గోకర, ఆనిగపు, బీర, కాకర, ఆకుకూరలు. బెండ గింజను రాత్రంతా నానబెట్టి, గింజకూ గింజకూ జానెడు, వరుసకూ వరుసకూ మూరెడు ఎడం పెట్టండి. నెలన్నర దాటంగానే కోతకు వస్తుంది. రోజు విడిచి రోజు కొయ్యకపోతే కాయ ముదిరి, చెట్టు పూయడం మానేస్తుంది. ఆకుల ఈనెలు పసుప్పచ్చగా తిరిగితే అది తెల్లదోమ తెచ్చే పల్లాకు తెగులు. ఆ చెట్టును పీకెయ్యండి, బతికించుకోవాలని చూస్తే మిగతావీ పోతాయి. గోకరకు నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది, పాలమూరు మనిషి లాంటి చెట్టు. తోటకూర గింజ ఆవగింజకన్నా చిన్నది, పిడికెడు ఇసుకలో కలిపి చల్లి పైపైన మట్టి రాయాలి. నెల లోపే కోసుకోవచ్చు. బచ్చలికి కొమ్మ గుచ్చితే చాలు. గంగవాయిలిని మీరు పెట్టకున్నా అదే వస్తుంది, కలుపని పీకెయ్యకండి.

ఆనిగపు తీగ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చాలామంది "మా తీగకు పూలే పూలు, కాయ లేదు" అని విసిగి పీకేస్తారు. మొదట్లో వచ్చేవన్నీ మగపూలు. ఆడపువ్వు కొన్నాళ్లాగి వస్తుంది, దాని కింద వేలికొనంత పిందె నూగుతో ముందే ఉంటుంది. ఆనిగపు పువ్వు విచ్చేది పొద్దుమూకే వేళ, చీకట్లో తెల్లగా కనబడుతుంది. ఆ వేళకు తేనెటీగలు గూటికి చేరి ఉంటాయి, పట్నంలో వేరే పురుగులూ తక్కువ. అప్పుడు మీరే ఒక మగపువ్వు తెంపి, రేకులు తీసి, దాని నడుమనున్న పుప్పొడిని ఆడపువ్వు మధ్యన మెల్లగా రాయండి. పిల్లలతో చేయించండి. రెండు మూడు రోజులకు పిందె కిందికి వాలి బరువెక్కితే పట్టినట్టు, పసుపు రంగుకు తిరిగితే పోయినట్టు. బీరకూ సాయంత్రమే. కాకరకు మాత్రం పొద్దున.

ఇంకొక మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆనిగపుకాయ చేదుగా ఉంటే వండకండి, రసం అసలే తాగకండి. ఆ చేదు విషం. కోసేటప్పుడే నాలిక కొసకు చిన్న ముక్క తగిలించి చూసి, చేదైతే ఉమ్మేసి కాయ పారెయ్యాలి.

మన పిల్లలమర్రి చెదలు పట్టి ఎండుతుంటే 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి, చుక్క చుక్కగా మందు ఎక్కించారు.  ఆ పద్ధతే పాదుకూ నడుస్తుంది. పాత నీళ్ల సీసా మూతకు సూదితో ఒక్క బొక్క పొడిచి, అడుగు కోసి, తలకిందులుగా పాదులో గుచ్చి పొద్దున నింపండి. నీళ్లు తిన్నగా వేరుకే పోతాయి, ఎండ తాగదు. పాదు మీద వరిగడ్డి పరిస్తే ఇంకా మంచిది.

పురుగుకు భయపడి దుకాణంలోకి ఉరకొద్దు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టొద్దని 2005లోనే నిషేధించారు. ఆ మందు పేరు తెలియని ఊరు మన జిల్లాలో ఉందా? ఇంటి చెట్టుకు అది ముట్టించొద్దు. పేనుబంక పడితే పొద్దున మంచు తడి మీద కట్టెల బూడిద చల్లండి. తగ్గకపోతే వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. కాకరను, బీరను పండుఈగ కుట్టకుండా పిందెకు పాత కాగితం పొట్లం తొడగండి. కుట్టిన కాయను పెంటకుప్పలో వెయ్యకండి, కవరులో మూతికట్టి ఎండలో పెట్టండి.

విత్తనం కొనేటప్పుడు ఒక్క దేశీ రకమైనా తీసుకోండి. హైబ్రిడ్ కాయలోని గింజ పెడితే తల్లిలాంటి చెట్టు రాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లల్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఏళ్ల తరబడి గింజను కుండల్లో, బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాస్తున్నారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. వాళ్లు బడికి పోయి నేర్చుకున్నది కాదది, మన అవ్వలకూ తెలిసిన పనే. తీగకు ఒక్క మంచి ఆనిగపుకాయను ముదరనియ్యండి. లోపల గింజలు గలగలమన్నప్పుడు పగలగొడితే గల్లీ అంతటికీ సరిపోతాయి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ఈ ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే మీ గల్లీలో వేపచెట్టు కిందో, గుడి అరుగు మీదో, మసీదు ముందు నీడలోనో ఒక చాప పరవండి. ఇంట్లో ఉన్న గింజలు, బచ్చలి కొమ్మలు, పెంట ఎరువు, ఖాళీ సంచులు ఎవరి దగ్గర ఏముంటే అవి తేండి. ఏమీ లేనివాళ్లు ఉత్త చేతులతో రండి, పార పట్టడం వస్తే చాలు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల ఇంటి పాదు ముందు తవ్వండి, తర్వాత మీది.

ఈ కాగితాన్ని రోడ్డు మీద పారెయ్యకండి. పొట్లం కట్టి, పది బెండ గింజలు పోసి పక్కింటికి ఇవ్వండి.

— మీ వాడలోనే, మీ లాగే బొక్కెనలు మోసేవాళ్లం
మహబూబ్‌నగర్