కథలో మారిన అమ్మ

ఈ ఎండాకాలం సెలవుల్లో మా మనవరాలు బడి నుంచి తెచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని కూర్చుంది. పిల్లల కోసం కుదించి వేసిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’. రాసింది చార్లెస్ డికెన్స్. తల్లి చచ్చిపోయిన పదేళ్ల పిల్లగాడిని సవతి తండ్రి ఒక ద్రాక్షసారా గోదాములో సీసాలు కడిగే పనికి పెడతాడు. అక్కడికి వచ్చి ఆగిపోయింది పిల్ల.

“తాతా, ఇది నిజంగా జరిగిందా, ఊరికే రాసిండా?”

సగం నిజం, సగం కాదు అన్నాను. ఏ సగం ఏదో చెప్పమని కూర్చోబెట్టింది. దానికి చెప్పిందే మీకూ చెబుతాను.

డికెన్స్ 1812లో పుట్టాడు. తండ్రి నౌకాదళం జీతాల ఆఫీసులో గుమాస్తా. మంచివాడే గానీ చేతిలో పైసా నిలవదు. 1824లో, పన్నెండో ఏడు నిండిన రెండు రోజులకే, చార్లెస్‌ని బూట్ల పాలిష్ తయారుచేసే కార్ఖానాలో పెట్టారు. లండన్‌లో నది ఒడ్డున పాతబడి కూలిపోయేటట్టున్న ఇల్లు, నిండా ఎలుకలు. పాలిష్ డబ్బాలకు ముందు నూనె కాగితం, పైన నీలం కాగితం కప్పాలి. దారం కట్టి, అంచు కత్తిరించి, చీటీ అంటించాలి. వారానికి ఆరేడు షిల్లింగులు. కొద్దిరోజులకే తండ్రిని అప్పు కింద మార్షల్సీ జైల్లో వేశారు. తల్లి చిన్నపిల్లల్ని తీసుకుని అదే జైల్లోకి కాపురం మార్చింది. చార్లెస్ మాత్రం బయట అద్దెగదిలో ఒంటరిగా ఉండి పనికి పోయేవాడు.

కార్ఖానాలో బాబ్ ఫేగిన్ అని ఒక పిల్లగాడు ఉండేవాడు. ఒకరోజు చార్లెస్‌కి పక్కలో నొప్పి వస్తే, ఖాళీ పాలిష్ సీసాల్లో వేడినీళ్లు పోసి సగం రోజు కాపడం పెట్టాడు. సాయంత్రం ఇంటిదాకా దిగబెడతానని వెంటపడ్డాడు. ఇల్లంటే జైలు కదా, ఎట్లా చూపించాలి? వంతెన దగ్గర ఎవరిదో ఇంటి మెట్ల మీద నిలబడి “ఇదే మా ఇల్లు” అని చెయ్యి కలిపి పంపేశాడు. బాబ్ వెనక్కి తిరిగి చూస్తాడేమోనని ఆ తలుపు కొట్టాడు కూడా. తలుపు తీసిన ఆమెను “బాబ్ ఫేగిన్‌గారి ఇల్లు ఇదేనా?” అని అడిగాడట. తరవాత ‘ఆలివర్ ట్విస్ట్’ రాసినప్పుడు, పిల్లలకు దొంగతనం నేర్పే ముసలివాడికి పెట్టిన పేరు ఫేగిన్! కాపడం పెట్టిన వాడికి ఇదేం బదులు అని నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. ఆ స్నేహంలో తాను ఇరుక్కుపోతానని ఆ పిల్లగాడు భయపడ్డాడేమో.

ఈ సంగతి డికెన్స్ తన పిల్లలకు కూడా చెప్పలేదు. దేశమంతా పేరు తెలిసిన మనిషి, కార్ఖానాలో పనిచేశానని నోరు విప్పలేకపోయాడు. ఫార్‌స్టర్ అనే స్నేహితుడి కోసం కొన్ని కాగితాలు రాసిచ్చాడు. వాటిలో చాలాభాగం దాదాపు అట్లాగే తెచ్చి 1849-50లో డేవిడ్ కథలో పెట్టాడు. చదివినవాళ్లు కల్పన అనుకున్నారు. 1870లో ఆయన పోయాక, ఫార్‌స్టర్ రాసిన జీవిత చరిత్రతోనే అసలు సంగతి బయటపడింది.

ఇంతవరకు సరే. నాకు ఎక్కువ పట్టేది ఆయన మార్చిన చోట్లు. పాలిష్ డబ్బాలు సారా సీసాలయినాయి. జైలుకు పోయిన తండ్రి, డేవిడ్ అద్దెకుండే ఇంటి ఆసామి, మికాబర్ అనే నవ్వించే మనిషి అయ్యాడు. నవలలో డేవిడ్ పారిపోయి నడుచుకుంటూ నాయనమ్మ వరసయ్యే ఆమె ఇంటికి చేరతాడు. అసలు జీవితంలో అట్లాంటి చుట్టం ఎవరూ లేరు. తండ్రి జైలు నుంచి వచ్చాక కూడా చార్లెస్ పనిలోనే ఉన్నాడు. తండ్రికి, కార్ఖానా చూసుకునే చుట్టానికి మాటామాటా పెరిగి, ఆ చుట్టమే పిల్లవాణ్ణి ఇంక ఉంచుకోనన్నాడు. మర్నాడు తల్లి వెళ్లి రాజీ చేసుకొచ్చింది, పిల్లవాణ్ణి మళ్లీ పంపిద్దామని. తండ్రి వద్దు, బడికి పోవాలన్నాడు. తల్లి మళ్లీ పంపాలనుకున్న ఆ మాటను డికెన్స్ జీవితాంతం మరిచిపోలేదు, అట్లా అని రాసుకున్నాడు కూడా. నవలలోనేమో డేవిడ్ తల్లి మెత్తని మనిషి, కొడుకు పనికి పోకముందే కన్నుమూస్తుంది. ఆమె మీద ఏ మాటా రాదు.

ఇక్కడిదాకా చెప్పి నేను ఊరుకున్నాను. మనవరాలు ఊరుకోలేదు. “నువ్వు కూడా చిన్నప్పుడు కండెలు చుట్టినవు కదా, నిన్నెవరు మాన్పించిండ్రు?” అంది.

ఈ శీర్షికలోనే చాలా ఏళ్ల కింద నేను రాశాను, మా అమ్మ రోజుకు వెయ్యి బీడీలు చుట్టి నన్ను బడికి పంపిందని. చాలామంది మెచ్చుకున్నారు, ఒకరిద్దరు మా అమ్మ ఫోటో వెయ్యమన్నారు. వెయ్యి బీడీలు నిజం. మిగతాది నేను మార్చిందే. షోలాపూర్‌లో ఒక చిన్న సాంచాల కార్ఖానాలో, పదకొండో ఏట, వారానికి మూడు రూపాయలకు కండెలు చుట్టేవాణ్ణి. ఒకరోజు బాపు మిల్లులో రాత్రి పాళీ దిగి, నూలు దుమ్ము తలతోనే వచ్చి నా రెక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. అమ్మ గడపలో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. “బడికి ఎప్పుడైనా పోవచ్చు. వారం పైసలు పోతే ఎట్లా?” అంది. తల ఎత్తలేదు. బాపుతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ మాట నాకు నలభై ఏళ్లు అడ్డంగానే ఉంది. అమ్మ పోయినప్పుడు చుట్టాలంతా “కొడుకును చదివించిన తల్లి” అన్నారు. నేను కాదనలేదు. తరవాత అదే రాశాను.

డికెన్స్ తల్లి ఇంటిలెక్క ఏమిటో ఆయన నవలల్లో దొరకదు. మా అమ్మ లెక్క నాకు ఈమధ్యనే తెలిసింది. ఇంట్లో ఐదుగురం పిల్లలం. శనివారం బియ్యం కొట్టు బాకీ రెండు రూపాయల ముప్పావు, అంటే నా మూడు రూపాయల్లో మిగిలేది పావలా. ఆ లెక్క చెప్పింది మా చిన్నక్క, అదీ మొన్న దసరాకు. శనివారం కొట్టుకు పోయేది తనేనట. నేను బడికి పోయినాక అమ్మ ఇంకో రెండు వందల బీడీలు పెంచింది. దీపం కింద అవి చుట్టింది చిన్నక్కే. ఆమె నాలుగోతో చదువు మానింది. నా వ్యాసంలో ఆమె పేరే లేదు.

మనవరాలికి ఇదంతా చెప్పాను. “మరి సరిజేసి రాయవా?” అంది. రాస్తున్నాను. నన్ను బడికి పంపింది బాపు. అమ్మ వద్దన్నది. చిన్నక్క బీడీలు చుట్టింది.