కర్త యెవరు? – భూవినియోగ ప్రతిరూపములు, భాషాశాఖల బాధ్యత

పాణిని కారకములను నిరూపించుచు స్వతంత్రుడైనవానిని కర్త యనెను. ఆ కర్తను పనికి పురికొల్పువానిని హేతు వనెను. ప్రాచీనమైన యీ విచక్షణ నేడు వ్యాకరణముతో సంబంధమే లేనట్లు తోచు నొక శాస్త్రమున తిరిగి యవసరమగుచున్నది. మనుష్యులు భూమిని ఎట్లు వినియోగింతురో కంప్యూటరుపై ప్రతిరూపము కట్టి పరీక్షించు పద్ధతి యది. అందు ప్రతి రైతును, ప్రతి కుటుంబమును, లేక ప్రతి గ్రామసంఘమును ఒక్కొక్క 'ఏజెంటు'గా గ్రహింతురు. దీనికి తెలుగున కర్త యనుటకంటె తగిన మాట లేదు. వాన తక్కువైన ఏమి విత్తును, పొరుగువాని పంట మిన్నయైన ఏమి చేయును, ఎప్పుడు పొలము విడుచును అను నియమములను ఒక్కొక్క కర్తకు ఒసగుదురు. పిమ్మట వారినందరిని ఒకే నేలపై విడిచి, ఏండ్లు గడచినకొలది ఏర్పడు స్థితిని పరిశీలింతురు. సమాజము నంతటిని ఒక్క సమీకరణమున బంధింపక, వ్యక్తుల నడవడినుండి సమష్టిరూపము పుట్టుటను చూపుట దీని విశేషము.

ఈ పద్ధతి యెంతటి మేలు చేయగలదో బలిద్వీపము చాటినది. అక్కడి వరి రైతులు 'సుబక్' అను నీటి సంఘములుగా ఏర్పడి, జలాలయముల కట్టుబాటు ననుసరించి నాట్లు వేయుదురు. 1970 దశకమున ఇండొనీషియా ప్రభుత్వము అధిక దిగుబడి నిచ్చు వంగడములను తెచ్చి, ఆలయముల కాలనిర్ణయముతో పనిలేకుండ వీలైనన్ని మారులు నాటుడని ప్రోత్సహించెను. కొలది కాలముననే నీటి వంతులు చెడినవి. పురుగులు, తెగుళ్లు ప్రబలినవి. మానవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ లాన్సింగ్, జీవావరణ శాస్త్రజ్ఞుడు జేమ్స్ క్రెమర్ కలిసి ఓస్, పెతాను నదులపైనున్న 172 సుబక్కులకు ప్రతిరూపము కట్టి, 1993లో ఫలితములను ప్రకటించిరి. అందరు నొకేసారి నాటి కోసినచో పురుగునకు ఆశ్రయము లేకపోవును గాని, నీరు అందరికి ఒక్కమారే కావలసివచ్చును. ఎవరికి తోచినట్లు వారు నాటినచో నీరు సరిపోవును గాని, పురుగు పొలమునుండి పొలమునకు సాగును. ఏటేట ప్రతి సుబక్కు తన పంటను పొరుగువారి పంటతో పోల్చుకొని, మిన్నయైనవారి పద్ధతి నవలంబించు ననునది వారిచ్చిన నియమము. ఏ యధికారియు ఆజ్ఞాపింపకయే కొన్ని యేండ్లలో సుబక్కులు గుంపులుగా కూడినవి, పంట పెరిగినది, ఆ గుంపులు నిజమైన ఆలయముల యేర్పాటును పోలియుండెను. మూఢాచారమని త్రోసివేయబడిన దానియందు గణితము దాగియున్నదని తేలినది. ఈ సుబక్ వ్యవస్థను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది.

అయితే ఈ విజయమును కంప్యూటరునకు ఆపాదించుట సరికాదు. పొరుగును చూచి నేర్చుకొనుట, ఎగువవానికి పురుగు భయము, దిగువవానికి నీటి భయము అను విషయములు యంత్రము కనిపెట్టినవి కావు. రైతులతో, అర్చకులతో ఏండ్ల తరబడి మాటలాడి సేకరించినవి. సుబక్కుల కట్టుబాట్లకు వారి భాషయందు 'అవిగ్ అవిగ్' అను పేరు కలదు. పూర్వము వానిని తాళపత్రములపై వ్రాసియుంచెడివారు. ఆ మాటలు వినినవాడు లేనిచో ఆ ప్రతిరూపము పుట్టియుండదు.

పద్ధతి హద్దులను తెలుపు నుదాహరణము వేరొకటి కలదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు ఈశాన్యమున లాంగ్ హౌస్ అను లోయ కలదు. ప్రాచీన ప్యూబ్లో జనులు అందు మొక్కజొన్న పండించి జీవించిరి. సుమారు 1300 నాటికి లోయను పూర్తిగా విడిచిపోయిరి. రాబర్ట్ ఆక్స్‌టెల్, జాషువా ఎప్‌స్టీన్ ప్రభృతులు వృక్షవలయముల ఆధారమున నాటి వర్షపాతము నూహించి, కుటుంబములను కర్తలుగా నిలిపి కట్టిన ప్రతిరూపము 2002లో వెలువడినది. జనసంఖ్య పెరుగుట, తరుగుట చాలవరకు పురావస్తు సాక్ష్యముతో సరిపోయినవి. కాని చరిత్రలో లోయ శూన్యము కాగా, ప్రతిరూపమున కొన్ని కుటుంబములు మిగిలినవి. వాన, పంట మాత్రమే కారణములైనచో కొందరైనను అక్కడ బ్రదికియుండెడివారు. కనుక వారిని కదలించిన హేతువు వేరొకటి యుండవలెను. ఆ మిగిలిన కుటుంబములే ఈ పరిశోధనయొక్క గొప్ప ఫలము. ఈ ప్రతిరూపమునకు 'అనసాజీ' యను పేరు పెట్టిరి. అది ప్యూబ్లో జనుల మాట కాదు, నవాహో భాషాపదము. పూర్వశత్రువులను నర్థము దానికి చెప్పబడుటచే ప్యూబ్లో సంతతివారు దాని నంగీకరింపరు. కర్తకు పేరు పెట్టుటలోనే పరుల చూపు ప్రవేశించుట ఇట్లే.

ఇట్టి ప్రతిరూపములు రేపు తెలుగు నేలకును రాగలవు. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పేర 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టినది. ఒండ్రు తీయుట యొకటి; నీటి వంతుల కట్టుబాటు నిలుపుట వేరొకటి. గొలుసుకట్టు చెరువులకు నియమములు వ్రాయ బూనువాడు మొదట కర్త నెక్కడ వెదకవలెను? దస్తావేజులలోని పట్టాదారును గ్రహించినచో, గట్టు త్రొక్కని నగరవాసి విత్తు నిర్ణయించుచున్నట్లు లెక్క తేలును. దున్నువాడు కౌలుదారు, అతని కౌలు పెక్కుచోట్ల నోటిమాట. ఆంధ్రప్రదేశమున 2019లో పంట సాగుదారుల హక్కులకై చట్టము చేయవలసివచ్చుటయే ఇందుకు సాక్ష్యము. ఆ కౌలుదారు సైతము అప్పిచ్చిన వర్తకుడు చెప్పిన పంటనే వేయవలసినవాడైనచో, పాణిని యర్థమున అతడు స్వతంత్రుడా? ఇచట కర్తను మాత్రమే యెంచి హేతువును విడిచిన ప్రతిరూపము, దోషమును రైతు నెత్తిన మోపును. దానిని నమ్మి చేయు నిర్ణయము అతని పొలముపై పడును.

ఉపగ్రహ చిత్రములుండగా మాటల సేకరణ మెందుకని కొంద రడుగవచ్చును. పొలము బీడువడినదని చిత్రము చూపును. నీటి వంతు రాకనో, కూలి దొరకకనో, కూతురి పెండ్లికి తాకట్టు పెట్టియో చెప్పజాలదు. ఆ కారణము పలుకుబడిలో నున్నది. పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. అది తటాకమునకు 12 సాధనములను, 6 దోషములను పేర్కొన్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తిపదకోశము పనిముట్లకు, పనులకు పేళ్లను జిల్లాలవారీగా కూర్చినది. అలుగు, మత్తడి, మరవ యను పేళ్లు దొరకినవి. ఇక దొరకవలసినవి నియమములు. కరవున మొదటి తడి యెవరిది? నీరటికాని మాట కాదన్నవాని కేమగును? కడపటి మడివాడు ఎవరితో మొరపెట్టుకొనును?

ఈ సేకరణము పూర్వకాల ప్రశంస కారాదు. నీటి కట్టుబాట్లలో కులము, పెత్తనము కూడ నున్నవి. ఎవరికి నీరందలేదో అదియు నియమముగనే నమోదు కావలెను. బోరుబావులు చెరువుల స్థానము నాక్రమించినకొలది, వంతులు పంచిన వృద్ధులు తగ్గిపోవుచున్నారు. తెలుగు శాఖల పరిశోధకులు ఒక్కొక్క చెరువును ఒక్కొక్క గ్రంథముగా నెంచి, దాని ఆయకట్టు నియమములను సేద్యగాండ్ర నోటి మాటలతోనే వ్రాసియుంచుట నేటి కర్తవ్యము. గణకశాస్త్రజ్ఞులు వచ్చునప్పటికి ఆ వ్రాత సిద్ధముగా లేనిచో, వారు తమ యూహనే రైతు నోట పలికింతురు.