ఎండిన పువ్వు మీద ఎందుకింత కోపం?

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు రెండు రకాల పూలకే మర్యాద. ఒకటి శుక్రవారం సాయంత్రం సూపర్ మార్కెట్లో కొని సోమవారం చెత్తబుట్టలో పడేసే తాజా పువ్వు. రెండోది ఎప్పటికీ వాడని ప్లాస్టిక్ పువ్వు. ఈ రెండింటి నడుమ ఇంకొకటి ఉన్నది. పెరట్లో పూసింది, మన చేత్తో కోసింది, నీడన ఆరబెట్టి గుత్తిగా కట్టుకుంటే చలికాలమంతా నిలిచేది. దానికి మాత్రం మన గడపలో చోటు లేదు. "ఎండిన పూలు ఇంట్లో ఉంచకూడదండీ, అశుభం" అని ఎంత చదువుకున్నవారైనా ఠక్కున అనేస్తారు. ఆ అన్నవారి గుమ్మానికి చూస్తే ప్లాస్టిక్ బంతిపూల తోరణం, నాలుగేళ్ళ దుమ్ముతో సహా వేలాడుతూ ఉంటుంది. ప్రాణమున్న పువ్వు ఎండితే అశుభమట, ఎన్నడూ ప్రాణం లేనిది శుభమట! ఈ తర్కం నాకు మింగుడుపడదు. నా తగాదా దానితోనే.

ముందు శాస్త్రం సంగతి చూద్దాం, ఎందుకంటే మనవాళ్ళు మొదట దాని వెనకాలే దాక్కుంటారు. దేవుడికి పెట్టి తీసిన పువ్వు నిర్మాల్యం, దాన్ని మళ్ళీ పూజకు వాడరాదు. ఒప్పుకున్నాను. పూజకు తాజా పువ్వే కావాలి, అదీ ఒప్పుకున్నాను. పువ్వు దొరకని నాడు ఒక తులసి దళంతో సరిపెట్టుకునే వెసులుబాటు మన పెద్దలే ఇచ్చారు. కాని నేను మాట్లాడేది ముందు గదిలో బల్లమీద పెట్టుకునే గుత్తి గురించి, గుమ్మానికి కట్టుకునే దండ గురించి, పండుగనాటి అలంకారం గురించి. దేవుడికి పెట్టనే పెట్టని పువ్వు నిర్మాల్యం ఎట్లా అవుతుంది? ప్లాస్టిక్ పువ్వును పటానికి వేసేటప్పుడు ఏ శాస్త్రం చూశారు?

నిర్మాల్యం విషయంలో తిరుమల కన్నా పట్టింపు ఉన్న చోటు ఉంటుందా? అక్కడ స్వామికి అలంకరించిన పూలు భక్తులకు ఇవ్వరు, పూర్వం పూలబావిలో వేసేవారు. కొండమీద ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోని ఆచారం మీకు తెలిసిందే. అంత నిష్ఠ ఉన్న తిరుమల తిరుపతి దేవస్థానమే 2021లో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుని, ఆలయాల్లో వాడిన పూలను ఆరబెట్టి, వాటి రేకులతో స్వామివారి చిత్రపటాలు, కీచైన్లు, పేపర్ వెయిట్లు చేయించడానికి పూనుకున్నది. ఆ పనికి స్త్రీలకు శిక్షణ కూడా ఇప్పించారు. దేవస్థానం గడప దాటిన అభ్యంతరం ఒహాయో గడప మాత్రం దాటదు కాబోలు.

ఇక నాకు అసలు కోపం వచ్చిన చోటు బతుకమ్మ. మాకు దగ్గరలో ఒక సంఘం, పేరు చెప్పను, ఈ మధ్య ఒక ఏడాది బతుకమ్మను మొత్తం ప్లాస్టిక్ పూలతో పేర్చింది. చూడ్డానికి బాగానే ఉంది, ఫోటోల్లో ఇంకా బాగుంది. పాటలయ్యాక నీళ్ళలో విడవడానికి వీల్లేదు. పార్కువాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. అందుకని బతుకమ్మను అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, కార్యదర్శిగారి గరాజ్‌లో పెట్టారు, వచ్చే ఏడాది కోసం. తొమ్మిది రోజులు పేర్చి, ఆడి, పాడి, చివరికి సాగనంపే పండుగకు ఇదా మనం చేసిన మర్యాద? 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పండుగ చేసుకున్నది. మనమేమో దాన్ని క్రిస్మస్ చెట్టు సామానులాగా అటకెక్కించాము.

"అక్టోబర్లో మంచు పడితే పూలెక్కడివి?" అని కమిటీవారి సమాధానం. సమాధానం పైకి బాగానే ఉన్నది గాని, పండుగ గురించి తెలిసినవారు ఇచ్చేది కాదు. మొదటి రోజును ఎంగిలి పూల బతుకమ్మ అంటాం. ముందునాడే కోసి ఉంచిన పూలతో పేరుస్తారు గనుక ఆ పేరు వచ్చిందని చెప్పే పెద్దలున్నారు. అంటే నిన్నటి పువ్వు పనికిరాదన్న మాట ఈ పండుగలోనే లేదు. పైగా బతుకమ్మకు పురోహితుడు లేడు, మంత్రం లేదు, ఆడవాళ్ళు పేర్చిందే బతుకమ్మ. మరి ఎవరి అనుమతి కోసం ఎదురు చూస్తున్నాం?

ఇంకొక సంగతి. బతుకమ్మకు ముఖ్యమైన గునుగు, ప్రపంచంలో ఎండబెట్టడానికి అనువైన పూలలో ముందు వరసలోది! గునుగు, సీతజడ, బొగడబంతి మూడూ తోటకూర కుటుంబానివే. ఆ కుటుంబానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు అమరాంత్; గ్రీకులో వాడనిది అని దాని అర్థం. బొగడబంతిలో మనం పువ్వు అనుకునేది నిజానికి పువ్వును కప్పిన కాగితంలాంటి రేకులు. వాటిలో నీరు బహు తక్కువ. అందుకే గులాబీ నల్లబడి ముడుచుకుపోతుంటే బొగడబంతి అదే రంగుతో అట్లాగే నిలబడుతుంది. తంగేడు మాత్రం ఈ లెక్కలోకి రాదు, ఎండబెడితే రేకులు రాలిపోతాయి; దానికీ ఇక్కడి చలికీ పొత్తు కుదరనే కుదరదు. ఇంతకూ బొగడబంతి, బంతి రెండూ ఈ అమెరికా ఖండాలనుంచి మన దేశానికి వలస వచ్చిన మొక్కలే. మనకన్నా ముందే ఎదురు దారిన ప్రయాణం చేశాయన్నమాట.

ఈ దేశస్థులకు ఈ విద్య కొత్త కాదు. పాతకాలపు అమెరికన్ ఇళ్ళల్లో వేసవి పూలను కట్టలుగా వేలాడదీసి చలికాలానికి దాచుకునేవారు. ఎమిలీ డికిన్సన్ అనే కవయిత్రి చిన్నతనంలో అదిమి ఆరబెట్టిన మొక్కలు 424, ఒక ఆల్బమ్‌గా హార్వర్డ్‌లో నేటికీ ఉన్నాయి. అశుభమని ఎవరూ వాటిని పారేయలేదు.

చేసే పద్ధతి చెప్పకుండా తిట్టి ఊరుకుంటే నేను కమిటీలో చేరడానికి తగుదును. పద్ధతి ఇది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, తేమ ఆరిపోయాక, పదిగంటల ప్రాంతంలో పూలు కోయండి. గునుగు కంకి కింది భాగం విచ్చుకుని కొస ఇంకా మొగ్గగా ఉన్నప్పుడు కోయాలి. బొగడబంతి మాత్రం పూర్తిగా విచ్చాకే. ఆకులన్నీ దూసేసి, ఎనిమిదీ పది కాడలు ఒక కట్టగా రబ్బరు బ్యాండు వేయండి. దారం వద్దు, కాడ ఎండి సన్నబడితే కట్ట జారిపోతుంది. తలకిందులుగా, చీకటిగా, గాలి ఆడే చోట వేలాడదీయండి. వెలుతురు తగిలితే రంగు పోతుంది. బేస్‌మెంట్ అయితే డీహ్యుమిడిఫైయర్ పెట్టి తీరాలి, లేకపోతే బూజు. రెండు మూడు వారాల్లో కాడ వంచితే టప్పున విరుగుతుంది. అప్పుడు సిద్ధమైనట్టు. బంతిపూలను పచ్చిగా ఉన్నప్పుడే సూదితో గుచ్చి వేలాడదీయండి. ఎండి బాగా చిన్నవవుతాయి గనుక మళ్ళీ దగ్గరికి జరుపుకోవాలి. ఆ పసుపు లూటీన్‌ది. కంటి జబ్బుకు మేము రాసే లూటీన్ మాత్రలకు ముడిసరుకు చాలావరకు బంతిరేకులే సుమా.

గులాబీల వంటి నీరున్న పూలకు సిలికా జెల్ అని ఒక పొడి అమ్ముతారు, పూలను అందులో కప్పి పెట్టాలి. నీలిరంగు గింజలున్న రకం కొనకండి, వాటిలోని కోబాల్ట్ క్లోరైడ్ క్యాన్సర్ అనుమానిత పదార్థాల్లో ఒకటి. ఏ రకమైనా సరే, పొడి వంపేటప్పుడు మాస్కు వేసుకోండి, పిల్లల్ని దూరంగా పంపండి.

సంరక్షణ కూడా ఇంతే తేలిక, కాని ఎవరూ చేయరు. ఎండ పడే కిటికీ దగ్గర పెట్టవద్దు. వంటింటి ఆవిరి, స్నానాల గది తేమ పనికిరావు. నెలకోసారి హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి, దూరంనుంచి దుమ్ము ఊదండి. రేకులు రాలకుండా కొందరు హెయిర్ స్ప్రే కొడతారు, అది దుమ్మును పట్టి ఉంచే జిగురు తప్ప మరొకటి కాదు, పైగా మండుతుంది. మండడం అంటే గుర్తొచ్చింది: ఎండిన పువ్వు గడ్డితో సమానం. దీపం దగ్గర, కర్పూరహారతి దగ్గర దీన్ని ఉంచనే ఉంచవద్దు. దేవుడి గదిలోకి వద్దనడానికి శాస్త్రం కన్నా నాకు ఇది గట్టి కారణం.

ఇంట్లో ఆస్తమా ఉన్నవారుంటే దుమ్ము, బూజు విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి. ఆస్పత్రికి పరామర్శకు వెళ్ళేటప్పుడు, రోగనిరోధక శక్తి బాగా పడిపోయిన రోగి గదిలోకి పువ్వులు తాజావైనా ఎండువైనా తీసుకెళ్ళకూడదు. సీడీసీ 2003లో ఇచ్చిన సూచనల్లో ఈ మాట స్పష్టంగా ఉన్నది. కీమోథెరపీ తీసుకుంటున్న బంధువుకు ప్రేమతో గుత్తి కట్టి ఇచ్చేముందు అక్కడి నర్సును అడగండి.

పెళ్ళిదండను వందల డాలర్లు పోసి రెసిన్ దిమ్మలో బిగించే ఫ్యాషన్ కూడా మనవాళ్ళలో మొదలైంది. ఇంట్లోనే పోస్తామని ఎపాక్సీ డబ్బాలు తెచ్చుకుంటున్నవారూ ఉన్నారు. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి తగిలి చేతులు ఎర్రగా పొక్కడం వైద్యులకు చిరపరిచితమైన జబ్బు. జబ్బు మాట అటుంచినా, నాకు ఆ దిమ్మ నచ్చదు. గరాజ్‌లో దాచిన బతుకమ్మకు అది చిన్న చెల్లెలు. పువ్వు ఎప్పటికీ పోకూడదన్న పట్టుదలే రెండింటిలోనూ ఉన్నది. ఎండుపువ్వుకు ఆ అహంకారం లేదు. ఒక చలికాలం ఉంటుంది, ఏప్రిల్ వచ్చేసరికి రంగు తగ్గుతుంది, పెళుసవుతుంది. అప్పుడు దాన్ని విప్పి పెరట్లో మట్టిలో కలిపేయాలి. అయిదేళ్ళు దుమ్ము పట్టించి ఉంచుకుంటే అప్పుడు నిజంగానే అశుభంగా కనిపిస్తుంది, ఆ మాట నేనే అంటాను.

"మాకు టైమెక్కడిదండీ" అనేవారికి: కోసి కట్ట కట్టడానికి ఇరవై నిమిషాలు. మిగతా మూడు వారాలూ గాలి చేసుకుంటుంది. ఆన్ కాల్ రోజుల్లో కూడా ఇరవై నిమిషాలు దొరుకుతాయి, నాకు తెలుసు. ఇది ఆడవాళ్ళ పని అని పక్కకు తప్పుకునే మహాశయులకు మరొక మాట. ప్లాస్టిక్ పూల పెట్టెలు ఆర్డరు పెట్టేది చాలాచోట్ల మీరే. కట్టలు వేలాడదీయడానికి మేకులు కొట్టడం కూడా మీకు చేతనవును.

మన సంఘం వచ్చే బతుకమ్మ బడ్జెట్లో "అలంకరణ" అనే పద్దు కింద ప్లాస్టిక్ పూలకు డబ్బు కేటాయించవద్దని నేను సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టబోతున్నాను. పది ఇళ్ళవాళ్ళు తలా నాలుగడుగుల మడి గునుగు, బొగడబంతి వేస్తే చాలు. మంచు ముందే పడినా ఆరబెట్టిన కట్టలుంటాయి, పడకపోతే తాజావే ఉంటాయి. గునుగు మన చెలకల్లో కలుపు మొక్క, దానికి ఉపచారాలు అక్కర్లేదు. ఏప్రిల్లో ఇంట్లో కిటికీ దగ్గర నారు పోసి, మంచు భయం పోయాక బయట నాటితే సరి.

గింజలు కొనడం కూడా దండగ. ముదిరిన కంకులు నాలుగు ఉంచుకుని, ఎండాక కాగితపు సంచిలో దులిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. పోయిన ఏటివి నా దగ్గర ఒక సీసాడు ఉన్నాయి. సమావేశానికి పొట్లాలు కట్టి తెస్తాను, ఓటు ఎటు వేసినవారికైనా ఇస్తాను.